మూడు చెంచాల ఉప్పు

జనవరి 18

వదినకి,

ఇక్కడ అందరం బాగున్నాం, నీ తమ్ముడి రక్తం తప్ప. అది మూత పెట్టిన పాలగిన్నెలా లోపల్లోపలే పొంగుతోందట.

మొన్న డిపోలో బస్సు డ్రైవర్లందరికీ పరీక్షలు చేశారు. నీ తమ్ముడి బీపీ చూసి, యంత్రం పాడైందేమోనని డాక్టరు రెండోసారి పట్టీ కట్టాడట. యంత్రం బాగానే ఉంది, పాడైంది మనవాడే. "ఉప్పు సగం చెయ్యండి, నూనె సగం చెయ్యండి, కూరగాయలు రెట్టింపు చెయ్యండి. మార్చి పరీక్షలో తగ్గకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వం, టికెట్ల గదిలో కూర్చోబెడతాం" అన్నాడట. ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషిని గదిలో కుర్చీకి కట్టేస్తే ఏమవుతాడో నాకంటే నీకే బాగా తెలుసు. చిన్నప్పుడు మంచాన్ని బస్సు చేసి, నిన్ను ప్రయాణికురాలిగా కూర్చోబెట్టి, దిగనివ్వని వాడేగా!

ఇంటికొచ్చి ఏమన్నాడో విను. "చప్పిడి కూడు పెట్టావో, స్టాండు దగ్గర హోటల్లో తింటా." అంటే ఉప్పు తగ్గించమని చెప్పినందుకు ఇంకా ఉప్పు తింటాడట. బతిమాలితే వినడు, బెదిరిస్తే అసలే వినడు. ఇక మిగిలింది మోసం ఒక్కటే. అందులో నాకు పెట్టింది పేరు కదా. నీ కుట్టుపెట్టెలో రబ్బరు బల్లి ఇంకా గుర్తుందా?

మీ అమ్మ పద్ధతి తెలిసిందే. పొయ్యి పక్కన ఆవిడ కుర్చీ. ఏ గిన్నెలోనైనా ఉప్పు వేసేది ఆవిడే, ఆ పాత కొయ్య చెంచాతో లెక్కపెట్టి మూడు. తరవాత నేను గరిటెతో ఆవిడ అరచేతిలో ఒక చుక్క వెయ్యాలి. నాలుకకి రాసుకుని, పైకప్పు కేసి చూసి, "సరిపోయింది" అనాలి. ఆ మాట వచ్చేదాకా మా ఇంట్లో కంచాలు కదలవు.

సరే, మూడు చెంచాలు మూడే ఉండనీ, చెంచానే మార్చేద్దాం అనుకున్నా. మా వీధి చివర కుర్చీలు చేసే వడ్రంగి దగ్గరికి ఆ చెంచా పట్టుకెళ్లా. "అచ్చం ఇలాంటివే ఇంకో మూడు కావాలి నాయనా. పిడి ఇంతే, అంచు అరుగుదల ఇంతే. గుంట మాత్రం ఒకదానికంటే ఒకటి లోతు తగ్గాలి" అన్నా. వాడు చెంచాని అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా, చెంచా పథ్యం చేస్తోందా?" అన్నాడు. టీనీళ్లలో నానబెట్టి రంగు కూడా కలిపిచ్చాడు. నేను పోల్చుకోవడానికి పిడి కొన కింద ఒకటి, రెండు, మూడు చుక్కలు కాల్చాడు.

మొదటి చెంచా సోమవారం నుంచి పనిలోకి దిగింది. నీ తమ్ముడు గిన్నె నాకి మరీ తిన్నాడు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. మంచి సమయం చూసి చెప్తా, నవ్వుతుంది.

నీ మరదలు

---

ఫిబ్రవరి 2

మరదలా,

నీ ఉత్తరం షాపులో చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ తన నడుం చూసి నవ్వాననుకుని వెళ్లిపోయింది. ఒక బేరం పోయింది, అది నీ ఖాతాలోనే.

తమ్ముణ్ణి ఎంత మోసం చేసినా నాకు అభ్యంతరం లేదు. వాడికి కావలసిందే. కానీ అమ్మకి మాత్రం ఈ వారంలోనే చెప్పు. సమయం, సందర్భం అంటూ చూడకు. మిగతా వాటితో ఎంత వేళాకోళమైనా ఆడుకో, ఆవిడ నాలుకతో వద్దు. దానికో కారణముంది, ఎప్పుడైనా తీరిగ్గా చెప్తాను. ఉత్తరంలో రాసేది కాదు.

చెప్పానని నాకు రాయి.

మీ వదిన

---

ఫిబ్రవరి 23

వదినకి,

చెప్పేశానమ్మా, చెప్పేశా! పడీపడీ నవ్వింది. ఇక నువ్వు నిశ్చింతగా జాకెట్లు కుట్టుకో.

ఇప్పుడు రెండో చెంచా నడుస్తోంది. ఉప్పొక్కటేనా? నూనె సీసా మూతకి పెద్ద కన్నం తీసేసి సూదంత కన్నం పెట్టా. సొరకాయ పేరు చెబితే పారిపోయే మనిషి, పప్పులో మెత్తగా రుబ్బేసిన సొరకాయని నెల రోజులుగా "ఈ మధ్య పప్పు వెన్నలా ఉంటోందే" అంటూ తింటున్నాడు. నిన్న రొట్టెపిండిలో బీట్‌రూట్ కలిపి, రంగు చూసి అడుగుతాడేమోనని ముందే "కొత్తరకం గోధుమలట" అన్నా. "అందుకే ఖరీదు" అన్నాడు తలాడిస్తూ. వదినా, ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టం.

ఏడో క్లాసుతో చదువాపేసినదాన్ని, డాక్టరు కాగితం ఒక్కటి పట్టుకుని ఇల్లంతా నడుపుతున్నా. తల్లినన్నాక మందుల షాపూ నేనే, మంత్రసానీ నేనే, దొంగా నేనే.

మీ అమ్మ మాత్రం రోజూ, "ఉప్పు తక్కువైనట్టుందే" అంటుంది. నేను పిల్లకేసి చూస్తా. పిల్ల, "సరిగ్గా ఉంది నాయనమ్మా" అంటుంది. ఆ మాటకి రోజుకొక చాక్లెట్ ఇస్తానన్నా. ఒంటికి మంచి తిండి పెట్టడానికి చాక్లెట్లు లంచం ఇచ్చే తల్లిని నేనే అయ్యుంటా! నీ తమ్ముడు కూడా "బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు. పాపం వాడికి లంచం కూడా అక్కర్లేదు, నిజంగానే తెలీదు. మొన్నయితే మన పిల్ల నాలుగాకులు ఎక్కువే చదివి, "నాయనమ్మా, నీ నాలుకని రిపేరుకివ్వాలి" అంది. అందరం నవ్వాం.

అత్తయ్య కూడా నవ్వింది. కొంచెం ఆలస్యంగా నవ్వింది.

నీ మరదలు

---

మార్చి 29

వదినకి,

గెలిచాం! నీ తమ్ముడి బీపీ దిగింది. డాక్టరు ఈసారి కూడా రెండుసార్లు కట్టాడట, నమ్మకం లేక. స్టీరింగు మనదే. వీధి మలుపులో ఊరికే నాలుగుసార్లు హారన్ కొట్టాడు.

డిపో నర్సు నన్ను పిలిపించి, డ్రైవర్ల ఇల్లాళ్లందరి ముందు నిలబెట్టి, "ఆరోగ్యంగా వండటం ఎలాగో, ఇంటిల్లిపాదీ తినేలా చెయ్యడం ఎలాగో ఒక తల్లిగా చెప్పమ్మా" అంది. నాకు మైకు ఇస్తే ఇంకేముంది? చెంచాల కథ చెప్పా. పొట్టలు పట్టుకుని నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఏడుగురు వడ్రంగి అడ్రసు రాసుకున్నారు. వాడు నిన్న కనిపించి, "అమ్మా, కుర్చీలు మానేసి చెంచాలే చెయ్యనా?" అన్నాడు.

ఇంకో విషయం. మీ అమ్మ నీ దగ్గరికి వస్తానంటోంది, రెండు మూడు నెలలు ఉంటానంటోంది. గాలి మార్పు అంది. గురువారం గరిటె తీసుకుని దగ్గరికి వెళ్తే చెయ్యి చాపలేదు. అరచెయ్యి ముడుచుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఇకమీదట నువ్వే చూసుకో అమ్మాయ్. నాకు తెలీడం లేదు" అంది. గరిటె పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయా. చుక్క నేలమీద పడింది.

ఏం లేదులే, అలిగింది. పెద్దవాళ్ల అలక నీకు తెలీనిదా! నువ్వు బాగా చూసుకో, నాలుగు రోజుల్లో మామూలవుతుంది. నీ తమ్ముడు తన బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొస్తాడు.

నీ మరదలు

---

ఏప్రిల్ 15

మరదలా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. తమ్ముడికి ఇప్పుడే చూపించకు.

అమ్మకి బాగాలేదు. ఒంట్లో కాదు.

వచ్చిన రోజే నేను చేసిన కూర నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పేంటే" అంది. మీ ఇంట్లో తక్కువనేదట, ఇక్కడ ఎక్కువంటోంది. మేమందరం మామూలుగానే తింటున్నాం. ఆ సంగతి తనే గమనించుకుంది. మర్నాటి నుంచి ఏం పెట్టినా మాట్లాడకుండా తింటోంది. బాగుందా అంటే నా మొహం చూసి, నాకేం కావాలో కనిపెట్టి, "బాగుంది" అంటోంది.

నిన్న పరుపు దులుపుతుంటే దిండు కింద చీటీలు దొరికాయి. నా కొలతల పుస్తకంలోంచి చింపిన కాగితాలు. ఒకదాని మీద, "పొయ్యి కట్టేశాను. రెండుసార్లు చూశాను." ఇంకోదాని మీద, "కొడుకు బస్సు నడుపుతాడు. కూతురు బట్టలు కుడుతుంది. మనవరాలిది ఎడమచేతి వాటం. కోడలు నవ్విస్తుంది." పొద్దున లేవగానే కళ్లు మూసుకుని ఇవి ఒప్పజెప్పుకుంటుంది. ఈ రోజు తలుపు సందులోంచి విన్నాను.

కారణముందని రాశాను కదా, ఇప్పుడు చెప్తున్నాను. మా అమ్మమ్మకి చివర్లో మతి పోయింది. అది మొదలైంది నాలుకతోనే. "దేంట్లోనూ ఉప్పు లేదు" అనేదట. ఇంట్లో అందరూ నవ్వారట. తరవాత పొయ్యి మర్చిపోయింది. తరవాత ఒకరోజు, నన్ను కడుపులో మోస్తున్న అమ్మని చూసి, "ఎవరమ్మా నువ్వు, ఎవరి పిల్లవి?" అంది. అప్పటినుంచే అమ్మ రోజూ అరచేతిలో చుక్క వేయించుకోవడం. మనమంతా పెత్తనం అనుకున్నాం. అది పెత్తనం కాదే. ఈ రోజు కూడా నేను నేనుగానే ఉన్నానా అని చూసుకోవడం. "సరిపోయింది" అన్నది కూర సంగతి కాదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇది. ఆవిడకి ధైర్యం చెప్దామని, "అమ్మా, మరదలు నీకు చెంచాల సంగతి చెప్పిందటగా?" అన్నాను. తెల్లబోయింది. ఒక క్షణం నా మొహం చదివింది. తరవాత, "ఆ, చెప్పింది, చెప్పింది" అంది. "ఏం చెప్పింది?" అన్నాను. "అవే, చెంచాలు... సరిగ్గా తోమాలని" అంది. పడీపడీ నవ్విందని నువ్వు రాశావు. దానికి రెండు నెలలు కూడా కాలేదు. ఒక్క ముక్క గుర్తులేదు! ఇంకేదో మాట్లాడి బయటికొచ్చేశాను.

వచ్చే నెల ఆరున పెద్దడాక్టరు చూస్తానన్నాడు. అక్కడ ఎలా ఉండేదో ఏదీ దాచకుండా రాయి.

వదిన

---

ఏప్రిల్ 21

వదినా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశా. నాకు ఎగతాళి రాయడం తప్ప ఇంకేం రాయడం రాదని ఇప్పుడే తెలిసింది.

నేను అత్తయ్యకి చెప్పలేదు. చెంచాల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నీకు అబద్ధం రాశా. పడీపడీ నవ్విందన్నది నా కల్పన. అందుకే ఆవిడకి గుర్తులేదు. లేనిది ఎలా గుర్తుంటుంది?

చెబుదామనే అనుకున్నా. కానీ ఆట రంజుగా ఉంది వదినా. ఆవిడ చుక్క నాకి పైకప్పు కేసి చూస్తుంటే, ఇరవై ఏళ్లుగా నేను వండిన ప్రతి గిన్నెకీ మార్కులేసిన ఆ నాలుక మొదటిసారి తడబడుతుంటే, నాకు సరదా వేసింది. అదీ అసలు సంగతి. నీ తమ్ముడి బీపీ సాకు మాత్రమే. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని చిన్నప్పుడు కాపీ రాసినట్టే గుర్తు. ఏడో క్లాసు దాకా చదివి కూడా నాకది ఎక్కలేదు.

ఆవిడ నాలుక తప్పలేదు. ఇంట్లో తక్కువైతే తక్కువంది. మూడు నెలలు తగ్గించిన ఉప్పు తిన్నాక నీ ఇంటి కూర ఉప్పు కషాయంలా ఉంటే ఎక్కువంది. రెండుసార్లూ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది మేము. నేను, నేను నేర్పితే పదేళ్ల పిల్ల.

"కోడలు నవ్విస్తుంది" అని రాసుకుందా? తల కొట్టేసినట్టయింది వదినా. ఆ చీటీ చించెయ్యి. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించు.

నీ మరదలు

---

ఏప్రిల్ 27

మరదలా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీది ఎంత మంచి మనసే! నోరు కత్తెరలాంటిదైనా మనసు వెన్న అని అమ్మ ఊరికే అనలేదు.

నువ్వు ఎందుకు రాశావో అర్థమైంది. అమ్మకి ధైర్యం రావాలని తప్పంతా నీ మీద వేసుకుంటున్నావు. కానీ నేను నీ ఫిబ్రవరి ఉత్తరం దాచుకున్నాను. "చెప్పేశానమ్మా, చెప్పేశా" అని నీ చేతిరాతే. అప్పుడు అబద్ధమాడి ఇప్పుడు నిజం చెబుతున్నావా, అప్పుడు నిజం చెప్పి ఇప్పుడు అబద్ధమాడుతున్నావా? నీ సంగతి తెలిసిన ఎవరైనా ఏమంటారు? నీ పెళ్లినాడే మీ చుట్టాలందరితో నాకు చెవుడని చెప్పి గట్టిగా అరిపించిన పిల్లవి నువ్వు. నీ మాట మీద అమ్మ వైద్యం ఆపలేను.

చదివి వినిపించలేదు. ఇంకో కథ చెప్పి అమ్మని అయోమయంలో పడేయడం నాకిష్టం లేదు. పొయ్యి వెలిగించే మీట ఊడదీసి నా బీరువాలో పెట్టాను. "నేను చేస్తాలే అమ్మా, నువ్వు కూర్చో" అంటే మారు మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. అడ్డం చెప్పి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ కుర్చీలో కూర్చుని రోజంతా తన అరచెయ్యి చూసుకుంటోంది.

ఆరో తారీకు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నువ్వు బాధపడకు. నీలాంటి కోడలు ఉండడం మా అమ్మ అదృష్టం.

వదిన

---

ఏప్రిల్ 30

వదినా,

నన్ను మెచ్చుకోకు. బూతులు తిట్టినా ఇంత మంట పుట్టేది కాదు. జీవితమంతా అబద్ధాలు ఆడితే అందరూ నమ్మారు. ఒక్క నిజం చెబితే మంచితనం అంటున్నావు. బాగా బుద్ధొచ్చింది.

దీంతో పార్శిలు పంపుతున్నా. నాలుగు చెంచాలు. చుక్కలేనిది ఆవిడ సొంత చెంచా, ఇన్నాళ్లూ నా పాత స్వెటర్ మడతలో దాచి ఉంచా. మిగతావాటి పిడి కొన కింద చుక్కలు చూడు. జనవరి ఉత్తరంలో ఆ చుక్కల గురించే రాశా, తీసి చదువుకో. నువ్వు కొలతల మనిషివి, నా మాట నమ్మకు, టేపు నమ్ము. గుంటలు కొలువు.

నిన్న భోజనాల దగ్గర అందరికీ చెప్పేశా. ఈసారి నిజంగా చెప్పేశా. నీ తమ్ముడు అరుస్తాడనుకున్నా. అరవలేదు. ముద్ద కిందపెట్టి, "అమ్మ రోజూ నా మొహం కేసి చూసి అడిగేది కదే. బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాను కదే" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఈ రోజు డబ్బా పట్టుకెళ్లలేదు. పిల్ల, "రిపేరుకివ్వాలి అన్నది నేనే కదమ్మా" అని, దాచుకున్న చాక్లెట్లన్నీ తెచ్చి నా ఒళ్లో పోసింది. ముప్పై ఒకటి. ఒక్కటి కూడా తినలేదట. ఎందుకే అంటే, "ఏమో, తినబుద్ధి కాలేదు" అంది. వదినా, ఆ పిల్లకి తెలిసింది, నాకు తెలీలేదు.

పొద్దున ఆ ఏడుగురి ఇళ్లకీ వెళ్లా. ఒకావిడ తలుపు తీస్తూనే, "మీ చెంచా మహత్యం" అని పొగడబోయింది. "ఉప్పు తగ్గించండమ్మా, తగ్గించి తీరాలి. కానీ ఇంట్లో చెప్పి తగ్గించండి" అన్నా. "చెబితే తినరు కదా!" అంది. "తినకపోతే పోట్లాడండి. పోట్లాటకి ఎవరికీ మతి పోదు" అన్నా. తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణించి వచ్చేశా. వడ్రంగికీ చెప్పా. వాడు రంపం ఆపి, "పెద్దావిడకి తెలియకుండానా అమ్మా? నేను అయ్యగారిని ఆటపట్టిస్తున్నారనుకున్నా" అన్నాడు. రోడ్డు మీద నిలబడి తిట్లు తిన్నా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

కింద రాసింది అత్తయ్యకి. నువ్వు చదవద్దు, ఆవిడ చేతికే ఇవ్వు. కళ్లజోడు పెట్టుకుని ఆవిడే చదువుకోవాలి.

అత్తయ్యా, మీ నాలుక ఎప్పుడూ తప్పలేదు. ఉప్పు తక్కువన్న ప్రతిరోజూ నిజంగానే తక్కువ. మీరు వేసింది మూడు చెంచాలే, చెంచా మార్చింది నేను. చెంచాల గురించి నేను మీకెప్పుడూ చెప్పలేదు, మీరేం మర్చిపోలేదు. మీ అమ్మగారి సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా చెయ్యకూడని పని. నన్ను క్షమించమని అడగను, అంత మొహం లేదు. ఆ చీటీలో కోడలు నవ్విస్తుంది అన్నది కొట్టేసి, కోడలు అబద్ధమాడింది అని రాసుకోండి. మీరు గుర్తుపెట్టుకోవలసింది అది.

---

మే 9

మరదలా,

నువ్వు మెచ్చుకోవద్దన్నావు. తిడతాను, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను, కాగితం చాలదు. నన్ను నేను కూడా తిట్టుకోవాలి. కన్నతల్లి చేతిలోంచి పొయ్యి మీట లాక్కున్నాను.

జరిగింది రాస్తాను. అమ్మ నీ కాగితం రెండుసార్లు చదివింది. ఏడవలేదు. "మీట తెచ్చి పెట్టు" అంది. నాలుగు గిన్నెల్లో పప్పు వండించింది, ఒకే కొలత పప్పు, ఒకే కొలత నీళ్లు. ఒక్కో గిన్నెలో ఒక్కో చెంచాతో మూడేసి వెయ్యమంది. తను గోడవైపు తిరిగి కూర్చుంది. నేను గిన్నెలు తారుమారు చేసి, గరిటెతో ఒక్కో చుక్కా ఆవిడ అరచేతిలో వేశాను.

"ఇది నాది. ఇది మూడోది. ఇది మొదటిది. ఇది రెండోది."

పిడి కింద చుక్కలు చూశాను. నాలుగూ సరిగ్గా చెప్పింది! ఆ పూట మా వీధంతా మా పప్పే తిన్నారు.

అప్పుడు ఏడ్చింది మరదలా. గోడకేసి తిరిగే ఏడ్చింది. "నేనున్నానే, నేనున్నానే" అంది.

డాక్టరు దగ్గరికి ఆరో తారీకునే వెళ్లాం, వెళ్లాల్సిందే అని తనే అంది. బాగానే ఉన్నారు అన్నాడాయన. "ఆ సంగతి నాకు ముందే తెలుసు" అంది.

చీటీలు చించుదామంటే ఒప్పుకోలేదు. మడతపెట్టి తన సంచీలో పెట్టుకుంది. "కోడలికి చూపించాలి" అంది. నువ్వు కొట్టెయ్యమన్న మాట కొట్టెయ్యలేదు. దాని కింద ఏమైనా రాసిందేమో నన్ను చూడనివ్వలేదు.

మూడు చుక్కల చెంచా తిరిగి పంపుతోంది. అమ్మ మాటలే రాస్తున్నాను: "ఇదే వాడమను. అబ్బాయికి ఇదే మంచిది, నాకూ ఇదే అలవాటైంది. మిగతావి పారెయ్యి. పని మంచిదే. నన్ను అడిగి ఉంటే నేనే చెంచా మార్చేదాన్ని, వాడికి తెలియనిచ్చేదాన్ని కాదు. దానికంటే బాగా చేసేదాన్ని."

పదిహేడు, ఆదివారం బయల్దేరుతుంది.

వదిన

---

మే 14

వదినా,

చెంచా అందింది. ఉప్పు జాడీలో పెట్టా. పక్కన కుర్చీ ఉంది, దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. పిల్ల పుస్తకాల సంచీ పెడితే కూడా తీసేశా.

నేను ఇప్పుడు రోజూ ఏం చేస్తున్నానో విను. ఉప్పు మూడు చెంచాలు వేస్తా. నా అరచేతిలోనే ఒక చుక్క వేసుకుని నాలుకకి రాసుకుంటా. తెలీదు. సరిపోయిందో లేదో తెలీదు. ఇరవై ఏళ్లుగా "సరిపోయింది" అన్నమాట ఆవిడదే కానీ, నేనెప్పుడూ రుచి చూడాల్సిన పని పడలేదు. భోజనాల దగ్గర భయంభయంగా అడుగుతా, "ఉప్పు సరిపోయిందా?" అని. నీ తమ్ముడు కంచంలోంచి తలెత్తడు. "ఊఁ" అంటాడు.

పిల్ల నా మొహం కేసి చూసి, "సరిగ్గా ఉందమ్మా" అంటుంది.

ఆ మాట, ఆ గొంతు, ఆ చూపు అన్నీ నేను నేర్పినవే. నాకు నమ్మకం కలగడం లేదు వదినా. నా ఇంట్లో, నేను కన్న పిల్ల, నా వంట బాగుందంటే నమ్మలేకపోతున్నా. లేచి వంటింట్లోకెళ్లి మళ్లీ నాకి చూస్తున్నా.

రెండు వారాలకే నాకిలా ఉంది. ఆవిడ మూడు నెలలు పడింది.

ఆదివారం బస్సు దిగేసరికి పప్పు పొయ్యి మీద ఉంటుంది. ఉప్పు వెయ్యకుండా ఉంచుతా. చెంచా ఆవిడ చేతికిచ్చి, ఇది మూడోది అత్తయ్యా అని చెప్పి ఇస్తా. తరవాత గరిటె పట్టుకుని పక్కన నిలబడతా. చీటీ చూపిస్తే చదువుతా, ఏం రాసున్నా సరే. చెయ్యి చాపుతుందో, ముడుచుకునే కూర్చుంటుందో తెలీదు. ఎంతసేపైనా నిలబడతా. ఈసారి చుక్క కింద పడనివ్వను.

నీ మరదలు